ఆగితే నాలుగు ముక్కలు: ఆగలేని ఒక లాబ్రడార్ కేసు

నేపథ్యం

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు, 9 ఏళ్ల అబ్బాయి, అతని నాయనమ్మ. కుక్క రెండేళ్ల మగ లాబ్రడార్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, బరువు 34 కిలోలు. ఇక్కడ దాన్ని బంటి అందాం. పేరు మార్చాం, ఇల్లు గుర్తుపట్టే వివరాలు తీసేశాం, సంఖ్యల్ని మాత్రం ముట్టుకోలేదు.

అంతకుముందు ఒక ట్రైనర్ ఆరు వారాలు వచ్చి "సిట్", "వెయిట్" నేర్పాడు. పట్టీ బిగించి పట్టుకుంటే బంటి ఆగేది, పట్టీ తీస్తే లేదు. పట్టీకి లొంగిందే తప్ప ఆగడం నేర్చుకోలేదన్నమాట. అప్పటికి ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "దీనికి ఓపిక లేదు, జాతే అంత."

సమస్య

గిన్నె నేలకు తాకకముందే దూకడం. చేతిలో ఏది కనబడినా లాక్కోవడం. టిఫిన్ బల్ల మీద నుంచి ఇడ్లీ ఎత్తుకుపోవడం. తలుపు తెరిస్తే లిఫ్ట్ దాకా పరుగు. కుక్కల నడవడిక చూసే మాకు వాళ్లు ఫోన్ చేయడానికి కారణం వేరే ఉంది. అబ్బాయి బిస్కెట్ అందిస్తుంటే బంటి పన్ను వేలికి గీరుకుంది. రక్తం రాలేదు, కానీ నాయనమ్మ ఆ రోజు నుంచి పిల్లాడిని కుక్క దగ్గరికి వెళ్లనివ్వలేదు.

ఇలాంటి కేసులో ముందుగా రెండు అనుమానాలు తీర్చుకోవాలి. మొదటిది, తిండిని కాపలా కాసుకునే గుణం. బంటి తింటుండగా రెండు మీటర్ల దూరం నుంచి నడిచి వెళ్లి, గిన్నెలో ఇంకో చికెన్ ముక్క వేశాం. ఒళ్లు బిగుసుకోలేదు, తినే వేగం పెరగలేదు, ఓరచూపు లేదు, తోక వదులుగానే ఊగింది. అంటే కాపలా లేదు. ఉండుంటే ఈ కేసు దారే వేరయ్యేది.

రెండోది, ఆకలి. పశువైద్యుడు నులిపురుగులు, రక్తంలో చక్కెర, థైరాయిడ్ చూశారు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. చర్మం దురదకు ప్రెడ్నిసొలోన్ మాత్రలు వాడుతున్నారేమో ప్రత్యేకంగా అడిగాం. ఆ మందు ఆకలిని విపరీతంగా పెంచుతుంది, యజమానులు దాన్ని "దురద మాత్ర" అనుకుని చెప్పడం మరిచిపోతారు. బంటి వాడటం లేదు. లాబ్రడార్లలో ఇంకో సంగతి ఉంది. ఆకలిని అదుపు చేసే పీఓఎంసీ అనే జన్యువులో చిన్న తునక లోపించినవి ఈ జాతిలో దాదాపు నాలుగో వంతు ఉంటాయని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. వాటికి తిండి మీద యావ ఎక్కువ. బంటికి ఆ పరీక్ష చేయించలేదు. ఫలితం ఏదైనా మేం చేయబోయే పని మారదు కాబట్టి ఆ ఖర్చు వద్దన్నాం.

కొలవడం

"ఓపిక లేదు" అన్నది కొలత కాదు. ఎన్ని సెకన్లు, దేనికోసం, ఎవరి దగ్గర అన్నది తెలియాలి.

ఇంటావిడ అప్పటికే తనకు తోచిన పరీక్ష ఒకటి పెట్టి చూశారు. ఒక వైపు వెంటనే 1 ముక్క, ఇంకో వైపు అర నిమిషం ఆగితే 4 ముక్కలు. తినగానే మళ్లీ మొదలు. బంటి ప్రతిసారీ ఒక ముక్కకే వెళ్లింది. ఇందులో తప్పు కుక్కది కాదు. ఒక ఎంపిక నుంచి తర్వాతి ఎంపిక దాకా ఒక వంతు అనుకుందాం. ఒక్క ముక్క వంతు మొత్తం 6 సెకన్లలో అయిపోతుంది, అంటే నిమిషానికి 10 ముక్కలు. నాలుగు ముక్కల వంతుకు తినే సమయంతో కలిపి 40 సెకన్లు, అంటే నిమిషానికి 6. చిన్నదాన్ని ఎంచుకోవడమే లాభం. ఏది ఎంచుకున్నా తర్వాతి వంతు ఒకే సమయానికి మొదలైతేనే అది తొందరపాటు పరీక్ష అవుతుంది.

మేం పెట్టిన పద్ధతి ఇది. నేల మీద మీటరు దూరంలో రెండు చాపలు, ఒకటి నీలం, ఒకటి పసుపు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కుక్కలకు సరిగా తెలియదు కానీ నీలం, పసుపు తేడా బాగా తెలుస్తుంది. నీలం చాప మీద ముందుకాళ్లు పెడితే వెంటనే 1 ముక్క. పసుపు మీద పెడితే ఆలస్యం తర్వాత 4. ముక్క అంటే ఉడికించిన చికెన్, సెంటీమీటరు ఘనం, సుమారు 1 గ్రాము. ఎంచుకోగానే రెండో చాప తీసేస్తాం, మనసు మార్చుకునే వీలుండదు. ప్రతి 60 సెకన్లకు ఒక వంతు, కచ్చితంగా. చాపల పక్కలు మారుస్తూ ఉండాలి, ఒకే పక్క వరసగా మూడుసార్లు రాకూడదు. లేదంటే కొన్ని కుక్కలు రంగు వదిలేసి కుడి పక్కకో ఎడమ పక్కకో అలవాటు పడతాయి. పెట్టే మనిషి చూపు గోడ మీదే ఉండాలి.

సెషన్ మొదట్లో 4 వంతుల్లో ఒక్క చాపే ఉంటుంది, ఏ చాపకు ఏం వస్తుందో గుర్తు చేయడానికి. ఆ తర్వాత 12 వంతులు కుక్క ఇష్టం. రోజుకు రెండు సెషన్లంటే ఎక్కువలో ఎక్కువ 116 గ్రాముల చికెన్, దాదాపు 190 కేలరీలు. ఆ మేరకు రోజూ డ్రై ఫుడ్‌లో 50 గ్రాములు తగ్గించాం. ఇది మరిచిపోతే పది వారాల్లో కుక్క బరువు పెరుగుతుంది, ముక్కల విలువా పడిపోతుంది.

మొదట ఆలస్యం సున్నా. బంటి 12లో 11 సార్లు నాలుగు ముక్కల వైపే వెళ్లింది. ఎక్కువ తక్కువల తేడా తెలుసన్నమాట. ఇది చూడకుండా ముందుకు పోకూడదు. ఆ తర్వాత ఆలస్యాన్ని కుక్క ఎంపికే నడిపేలా పెట్టాం. వరసగా రెండుసార్లు పెద్దది ఎంచుకుంటే 1 సెకను పెంచడం, రెండుసార్లు చిన్నది ఎంచుకుంటే 1 సెకను తగ్గించడం, చెరొకటి అయితే అలాగే ఉంచడం. మనస్తత్వవేత్త జేమ్స్ మేజర్ (Mazur) పావురాలతో చేసిన పద్ధతికి ఇది ఇంటి రూపం. నాలుగు రోజులకు ఆలస్యం ఒక చోట నిలకడగా ఆడింది: 3 సెకన్లు. అంటే బంటికి 3 సెకన్ల తర్వాత వచ్చే 4 ముక్కలూ ఇప్పుడే వచ్చే 1 ముక్కా సమానం. ఈ చోటును సమతూకం అందాం.

మేజర్ 1987లో ఇచ్చిన సూత్రం చాలా సాదా. ముక్కల సంఖ్యను, ఒకటికి తొందర గుణకం, ఆలస్యాల లబ్ధం కలిపితే వచ్చే దానితో భాగిస్తే ఆ క్షణంలో కుక్కకు దాని విలువ వస్తుంది. 4ని (1 + గుణకం × 3)తో భాగిస్తే 1 రావాలి, కాబట్టి బంటి గుణకం 1. గుణకం ఎంత పెద్దదైతే తొందర అంత ఎక్కువ.

మొదటి ప్రయత్నం, ఎందుకు చెడింది

అందరూ చేసేదే మేమూ చేశాం. కుక్కను కూర్చోబెట్టి, నిండు గిన్నె ముందు పెట్టి, 3 సెకన్లతో మొదలుపెట్టి రోజుకు 2 సెకన్ల చొప్పున పెంచుకుంటూ పోవడం. లేస్తే గిన్నె ఎత్తేయడం, కూర్చుంటే మళ్లీ దించడం. ఏడో రోజుకు 15 సెకన్లు రావాలి. తొమ్మిదో రోజుకు కూడా 5 దాటలేదు. పైగా కొత్తగా మూలుగు మొదలైంది, చొంగ కారుతోంది.

వీడియో నెమ్మదిగా చూస్తే రెండు తప్పులు దొరికాయి. మొదటిది, లేవడం, గిన్నె ఎత్తడం, కూర్చోవడం, గిన్నె దించడం ఒక గొలుసైపోయింది. లేచి కూర్చుంటే 2 సెకన్లలో గిన్నె మళ్లీ దగ్గరికి వస్తోంది. 12 సెకన్లు కదలకుండా ఉండటం కన్నా ఇదే చురుకైన దారి. మేం నేర్పింది ఆగడం కాదు, లేచి కూర్చోవడం.

రెండోది, తిండి కళ్లెదుట ఉండటం. పావురాల మీద గ్రోష్, న్యూరింగర్ 1981లోనే దీన్ని చూపించారు. గింజలు కనబడుతుంటే పావురాలు తక్కువసేపు ఆగాయి. పొడవడానికి ఇంకో మీట ఉంటే, అంటే చేతికి వేరే పని దొరికితే, ఎక్కువసేపు ఆగాయి. ఇది తెలిసి కూడా గిన్నెను ముక్కు ముందు పెట్టాం. ఇంట్లో సమస్య గిన్నె దగ్గరే కాబట్టి అక్కడే నేర్పాలని అనుకోవడం మా పొరపాటు.

ఇంకో గందరగోళం కూడా కలిసింది. ఎంచుకోవడం వేరు, ఎంచుకున్నాక నిలబడటం వేరు. చాపల పరీక్షలో కుక్క ఒక్కసారి నిర్ణయిస్తే చాలు. గిన్నె ముందు మాత్రం ప్రతి సెకనూ కొత్తగా నిర్ణయించుకోవాలి. మొదటిది కుదరని కుక్కకు రెండోది అప్పజెప్పాం.

నాయనమ్మ లెక్క

పదో రోజు ఇంటావిడ మామూలుగా అన్న మాట ఒకటి: "మా అత్తయ్య దగ్గర మాత్రం బాగానే ఆగుతుంది అండీ." మొదటి రోజు ఫారంలో కూడా ఈ సంగతి రాశారు, మేం పట్టించుకోలేదు. పెద్దావిడ కంచంలోంచి పెడుతుంది కాబట్టి అని కొట్టిపారేశాం.

అదే చికెన్, అవే చాపలు, ఈసారి ముక్కలు వేసేది నాయనమ్మ. సమతూకం 10 సెకన్ల దగ్గర వచ్చింది. గుణకం 0.3. కుక్క అదే, ఆకలి అదే.

ఆవిడ నెమ్మదిగా కదులుతుంది, గొంతు మెత్తన, ఇవన్నీ కారణాలు కావచ్చు. వాటిని పక్కన పెట్టి ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించాం. ఒక వారం పాటు ఎవరు కుక్కను ఆగమన్నా ఒక గీత, ఆగాక నిజంగా ఏదైనా ఇస్తే పక్కన టిక్కు. భార్యాభర్తలిద్దరూ కలిసి "వెయిట్" అన్నవి 41, టిక్కులు 20. ఫోన్ వచ్చిందనో, కుక్కర్ కూసిందనో, ఇప్పుడే తిన్నావు కదా అనో మిగతావి ఎగిరిపోయాయి. నాయనమ్మ "ఆగు నాన్నా, ఇస్తున్నా" అన్నవి 12, టిక్కులు 12.

సగంసార్లే వచ్చే నాలుగు ముక్కల్ని బంటి రెండు ముక్కలుగానే లెక్కేస్తోందని అనుకుందాం. అప్పుడు 3 సెకన్ల సమతూకానికి గుణకం 1 కాదు, 0.33. నాయనమ్మ దగ్గర వచ్చిన 0.3కి పక్కనే. ఇంత దగ్గరగా కలవడంలో యాదృచ్ఛికం కొంత ఉంది. పరీక్షలో మాత్రం ఇంటావిడ ప్రతిసారీ ఇచ్చారు, బంటి మోసుకొచ్చింది పాత అనుభవాన్ని. లెక్క స్థూలమే అయినా దిశ స్పష్టం. బంటికి ఓపిక లేకపోవడం కాదు, ఆ ఇద్దరి మాట మీద నమ్మకం లేదు. అడవిలో జంతువుకైనా అంతే. ఆగే లోపు తిండి వేరొకటి ఎత్తుకుపోతుందనుకుంటే ఇప్పుడే తినడం తెలివైన పని.

మనుషుల పిల్లల్లోనూ ఇదే కనబడింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 2013లో అచ్చయిన ప్రయోగంలో, ముందుగా రెండుసార్లు మాట తప్పిన పెద్దల ఎదుట పిల్లలు మిఠాయి కోసం సగటున 3 నిమిషాలు ఆగారు. మాట నిలబెట్టుకున్న పెద్దల ఎదుట 12 నిమిషాలు. ఈ సంగతి చెప్పాక ఇంటాయన కాగితం వైపు చూసి చాలాసేపు ఏమీ అనలేదు.

పనిచేసినవి

మొదటి రెండు వారాలు శిక్షణే లేదు. "వెయిట్" అనే మాట ఇంట్లో నిషేధం, ఎందుకంటే దాని విలువ పడిపోయింది. కొత్త మాట "ఉండు". జేబులో చికెన్ డబ్బా ఉంటేనే అనాలి, రోజుకు ఒక్కొక్కరూ 15కు మించి అనకూడదు, అన్నాక ఏం జరిగినా ఇవ్వాలి. కుక్క లేచినా సరే, ఫోన్ మోగినా సరే, ముక్క పడాలి. లేచిన కుక్కకు ఇవ్వడం ఇంటాయనకు మింగుడుపడలేదు. మంచి నడవడికకు ఇచ్చే బహుమానం కాదిది, అప్పు తీర్చడం అని చెప్పాల్సి వచ్చింది. ఆగే సమయం 2 నుంచి 4 సెకన్లే. రెండు వారాల తర్వాత ఇంటావిడతో మళ్లీ కొలిస్తే 3 సెకన్లు 7 అయింది. వేరే ఏమీ నేర్పలేదు.

తర్వాత ఆలస్యాన్ని పెంచడం మానేసి, చిన్నదాని ఆలస్యాన్ని తగ్గించుకుంటూ రావడం. మేజర్, లోగ్ 1978లో పావురాలతో చేసిన పద్ధతి ఇది. రెండు వైపులా ఆలస్యం 6 సెకన్లే ఉంటే పావురం ఎలాగూ పెద్దదాన్నే ఎంచుకుంటుంది. ఆ అలవాటు గట్టిపడ్డాక చిన్నదాని ఆలస్యాన్ని కొద్దికొద్దిగా కోస్తూ సున్నాకు తెస్తే, చాలాసార్లు పెద్దదానితోనే ఉండిపోతుంది. పావురాలకు వేల వంతులు పట్టింది. బంటికి ఐదు వారాలు, 800కు పైగా వంతులు.

పెద్దది ఎప్పుడూ 6 సెకన్లు. చిన్నది 6, 5, 4, 3, 2, 1, అర, సున్నా. వరసగా రెండు సెషన్లలో 12కు 10 పెద్దవి వస్తేనే ఒక మెట్టు దిగాలి, 8 కన్నా తగ్గితే ఒక మెట్టు వెనక్కి. 2 దాకా సాఫీగా వచ్చింది. 1 దగ్గర ఒక్కసారిగా 12లో 4కు పడింది. మెట్టు వెనక్కి వేశాం, 2 దగ్గర బాగుంది, మళ్లీ 1కి తెస్తే మళ్లీ 4.

కారణం వినబడేది, కనబడేది కాదు. చిన్నదాని ఆలస్యం 1 సెకను కావడంతో ఇంటావిడ డబ్బా మూతను ముందే తెరిచి ఉంచుకుంటున్నారు, బంటి నీలం వైపు అడుగు వేయగానే. ఆ టక్కుమన్న చప్పుడే కుక్కకు తక్షణ ప్రతిఫలం. ముక్కలు 1, 4 చొప్పున ముందే చిన్న స్టీలు గిన్నెల్లో పెట్టి, డబ్బాను గదిలోంచి తీసేశాక మూడు రోజుల్లో 1 దాటింది.

అర సెకను దగ్గర మళ్లీ తడబడితే ఇంకోటి కలిపాం. పసుపు చాప ఎంచుకోగానే దాని మీద మడతపెట్టిన తువ్వాలు వేస్తాం, బంటి గడ్డం దాని మీద ఆనిస్తుంది. ఈ గడ్డం ఆనించడం విడిగా నాలుగు రోజులు నేర్పాం. ఆగే సమయంలో చేయడానికి పని దొరికింది, పైగా తువ్వాలు కనబడితే "వస్తోంది" అన్న గుర్తు కూడా. ఈ రెండిట్లో ఏది ఎక్కువ పనిచేసిందో విడదీసి చూడలేదు.

చిన్నది సున్నాకు చేరాకే పెద్దదాని ఆలస్యాన్ని పెంచాం. అదీ నిచ్చెనలా కాదు, కలగాపులగంగా: 2, 5, 20 సెకన్లు. సగటు 9. గుణకం 0.3 అనుకుంటే కచ్చితంగా 9 సెకన్లు ఆగే 4 ముక్కల విలువ 1.08. కలగాపులగం సగటు విలువ 1.56. దగ్గరి వాటి విలువ బాగా పెరిగి దూరపు దాన్ని మోస్తుంది. అందుకే జంతువులు సాధారణంగా మారే ఆలస్యాన్నే ఇష్టపడతాయి. నిచ్చెనలా పెంచుకుంటూ పోతే మాత్రం ప్రతి వంతూ నిన్నటి కన్నా కష్టం, కుక్కకు ఆ సంగతి బాగానే అర్థమవుతుంది.

భోజనాల బల్ల

దీనికి ఓపిక పెంచలేదు, నిర్ణయం వేళ మార్చాం. రాక్లిన్, గ్రీన్ 1972లో పావురాలతో చూపిందే. తక్షణం 2 సెకన్లపాటు గింజలు తినడమా, 4 సెకన్లు ఆగాక 4 సెకన్లపాటు తినడమా అని అప్పటికప్పుడు అడిగితే పావురం చిన్నదే తీసుకుంది. అదే ఎంపికను కొన్ని సెకన్ల ముందే చేసేలా పెడితే పెద్దదానికి కట్టుబడే దారినే పొడిచింది. బంటి పాత గుణకం 1తో లెక్క వేసి చూడొచ్చు. ఇప్పుడు 1 ముక్క విలువ 1, 8 సెకన్ల తర్వాత 4 ముక్కల విలువ 0.44. అదే 10 సెకన్ల ముందు నిలబడి చూస్తే చిన్నది 0.09, పెద్దది 0.21. తారుమారు.

కాబట్టి కంచాలు రాకముందే, వంటింట్లో కూర వాసన తప్ప బల్ల మీద ఏమీ లేనప్పుడే, బాల్కనీ వైపు చాప చూపించి "పద" అనడం. అక్కడ రబ్బరు బొమ్మలో కూరి గడ్డకట్టించిన పెరుగన్నం, ఉప్పు, ఉల్లిపాయ, తాలింపు ఏవీ లేకుండా. ఉల్లి కుక్కలకు విషం. చిన్న గేటు మూసేస్తారు. మొదటి వారం పట్టీతో తీసుకెళ్లారు. రెండో వారం నుంచి కంచాలు కడిగిన చప్పుడు వినగానే బంటి తనే వెళ్లి గేటు దగ్గర నిలబడింది. కంచాలు వచ్చాక పిలిస్తే మాత్రం ఎన్నడూ వెళ్లలేదు.

కలిసిరానివి

పదకొండో వారానికి ఇంటావిడ దగ్గర సమతూకం 20 సెకన్లు, గుణకం 0.15. తలుపు దగ్గర పరుగు మాత్రం మొదటి రోజున ఎంతో అప్పుడూ అంతే. తిండి దగ్గరి నిగ్రహం తలుపు దగ్గరికి తనంతట నడిచి రాదు. కుక్కల నిగ్రహాన్ని వేర్వేరు పరీక్షలతో కొలిచిన పరిశోధనల్లోనూ ఒకదాని మార్కు చూసి ఇంకోదాన్ని చెప్పలేకపోయారు. తలుపుకు విడిగా మొదలుపెట్టాల్సి వచ్చింది. అక్కడ ప్రతిఫలం చికెన్ కాదు, బయటికి వెళ్లడమే. తలుపు బెత్తెడు తెరవడం, రెండు సెకన్లు ఆగితే "పద" అని ఇద్దరూ బయటికి. ఆగకపోతే తలుపు మెల్లగా మూయడం.

సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు. ప్రతి ఒక్కరూ "ఉండు, ఉండు" అన్నారు, ఇచ్చినవాళ్లు తక్కువ. వారం తర్వాత కొలిస్తే 20 సెకన్లు 8కి పడింది. మళ్లీ చాపలు పరవలేదు. 15 మాటల నియమం తిరిగి పెట్టి, అన్న ప్రతిసారీ ఇస్తే ఆరు రోజుల్లో 17కు వచ్చింది. తర్వాతి పండక్కి చుట్టాల ముందు వాడటానికి ఇంకో మాట పెట్టుకోమన్నాం, "ఉండు"ను ఇంట్లోవాళ్లకే అట్టిపెట్టి.

మా ఫారంలో ఈ కేసు తర్వాత ఒక ప్రశ్న చేరింది: ఈ కుక్క ఎవరి దగ్గర బాగా ఆగుతుంది? ఆ జవాబు ఖాళీగా లేకపోతే ఏ శిక్షణా మొదలుపెట్టకముందే ఆ మనిషి చేత ఒకసారి కొలుస్తున్నాం. ఫ్రిజ్ మీది కాగితం కూడా మొదటి వారమే.

ఆరు నెలల తర్వాత చూసినప్పుడు బంటి బరువు 32 కిలోలు. అబ్బాయి చేత్తో పెట్టడం లేదు. "ఉండు" అని, ముక్కను స్టీలు గిన్నెలో వేసి, గిన్నె జరుపుతాడు. అతని దగ్గర సమతూకం 12 సెకన్లు. పక్కన కుర్చీలో నాయనమ్మ ఇంకా కూర్చునే ఉంటోంది, అది మార్చమని మేం చెప్పలేదు. తలుపు దగ్గర 5 సెకన్లు ఆగుతుంది, ఎదుటి ఫ్లాట్ పిల్లి బయట లేకపోతే.